బోర్డు బాబాయికి నేను చెప్పిన వాయిదా

మా బోర్డు బాబాయి పోయారన్న సంగతి నాకు ఇస్త్రీ బట్టలు తెచ్చే ఆవిడ చెప్పింది. పొద్దున్న ఏడు కూడా కాలేదు. గేటు తీసుకుని వచ్చి, చంకలో మూట కింద పెట్టకుండానే, "అమ్మా, బోర్డు బాబాయి ఎల్లిపోనార్ట. నిద్దట్లోనేనంట. కూతురు కాఫీ అట్టుకెళ్ళి లేపితే లెగనేదట" అంది. నేను నమ్మలేదు. నమ్మకపోగా ఆవిడ మీద కసురుకున్నాను. "ఎవరు చెప్పారు నీకు? నువ్వు చూశావా?" అన్నాను. పాపం ఆవిడ బిత్తరపోయి, "అందరూ అంటన్నారమ్మా" అని మెల్లిగా అంది.

చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. వెళ్ళవలసింది ఆయన ఇంటికి. నా కాళ్ళు మాత్రం చెరువు గట్టు దగ్గరి పంపుహౌసు గోడ వైపు నడిచాయి. మా పేటలో ఎవరు పోయినా ఆ కబురు ముందు ఆ గోడ మీదే కనపడుతుంది. గోడ మీద నిన్నటి రాత నిన్నటిలాగే ఉంది. మధ్యాహ్నం నుంచి నీళ్ళు రావని, ఆదివారం చర్చి కాంపౌండులో కళ్ళ పరీక్షలని, ఇంటి పన్ను తేడాలు సరిచేసే క్యాంపు ఇంకో వారం పొడిగించారని. ఎవరి చావు కబురూ లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఒక్క నిమిషం నిజంగానే అనుకున్నాను. ఆ తర్వాత, ఆయన పోతే ఆ కబురు రాసేది ఎవరన్న ఆలోచన వచ్చి, గోడ పక్కనున్న రాయి మీద కూలబడ్డాను.

మీరు మా పేట చూసి ఉండరు. గోపాలపట్నం దాటాక హైవే వదిలి రెండు మలుపులు తిరిగితే చెరువు గట్టు వస్తుంది. గట్టు దిగువన మా ఇళ్ళు. పోర్టులో చేసినవాళ్ళు, స్టీల్ ప్లాంటులో చేసినవాళ్ళు, వాళ్ళకి బట్టలు ఉతికి కూరలు అమ్మి బతికినవాళ్ళు, అందరం కలగలిసి ఉంటాం. బాబాయి పోర్టులో అక్షరాలు రాసేవారు. వ్యాగన్ల మీద, క్రేన్ల మీద, గోడౌను తలుపుల మీద, ఎంత దూరం నుంచి చూసినా చదవగలిగేటట్టు అంకెలూ అక్షరాలూ పెయింటు చెయ్యడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోలేదు. పంపుహౌసు గోడకి తనే నల్లరంగు పూసి, సుద్దముక్కతో పేట కబుర్లు రాయడం మొదలుపెట్టారు.

దానికీ ఓ కారణం ఉంది. ఒకసారి పైపులు మారుస్తూ నాలుగు రోజులు నీళ్ళు ఆపేశారు. ముందుగా నోటీసు ఇచ్చారు కూడా. అయితే ఆ నోటీసు వార్డు ఆఫీసు లోపలి గోడకి అంటించి ఉంది. "నోటీసు ఆఫీసులో అంటిస్తే ఆఫీసుకే తెలుస్తాది. ఊరికి తెలవాలంటే ఊర్లో అంటించాల" అన్నారాయన. ఆ మర్నాడే నల్లరంగు డబ్బా కొన్నారు.

గోడ మధ్యలో నిలువుగా ఒక గీత ఉండేది. ఎడమ పక్క పైన "ఖాయం" అనీ, కుడి పక్క పైన "అంటన్నారు" అనీ రాసేవారు. ఎవరైనా వచ్చి "బాబాయ్, మన రోడ్డు వేస్తారట" అంటే కుడివైపు రాస్తారు. తను స్వయంగా వెళ్ళి కనుక్కుని, కాగితమో మనిషో కళ్ళ పడితేనే దాన్ని తుడిచి ఎడమవైపుకి మారుస్తారు. మా వీధి దీపాల వార్త కుడివైపునే మూడు వానాకాలాలు తడిసింది. ఒకసారి ఒక నాయకుడి తాలూకు కుర్రాడొకడు మోటారుసైకిలు ఆపి, "బాబాయ్, అన్న సభలో చెప్పేశారు కదా, ఇంకా అంటన్నారు ఏటి? ఖాయం కింద రాసెయ్" అన్నాడు. బాబాయి స్టూలు మీంచి దిగకుండానే, "దీపం ఎలిగినాక రాస్తాను నాయినా. నా సుద్దముక్క ఎక్కడికీ ఎల్లిపోదు" అన్నారు. ఆ కుర్రాడు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. దీపాలు వెలిగిన రోజున మాత్రం బాబాయి స్తంభం స్తంభం దగ్గరికీ వెళ్ళి చూసి వచ్చి మరీ రాశారు, ఒకటి వెలగడం లేదని కూడా కలిపి.

కొత్త సుద్దముక్కని ఆయన సగానికి విరిచి గానీ వాడేవారు కాదు. నిండు ముక్క కీచుమంటుందట, పొద్దున్నే ఎవరి చెవులూ చిల్లు పడకూడదట. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా పిండి పూసినట్టు ఉండేది. కాళ్ళకి బలపం కట్టుకు తిరగడం అంటారు చూడండి, ఆయన జేబులో పెట్టుకు తిరిగేవారు, అంతే తేడా.

ఇంకో అలవాటుంది, దానికి పేటంతా నవ్వుకునేది. ఆ గోడ మీద ఏ కార్యక్రమం రాసినా, దానికి తను హాజరవ్వవలసిందే. గర్భిణులకు పోషకాహారం మీద ఉపన్యాసమంటే వెనక వరసలో ఈయన. ఆడపిల్లలకి కుట్టుపని శిక్షణ ప్రారంభమంటే మిషన్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఈయన. కుక్కలకి టీకాలు వేసే క్యాంపుకి కుక్క లేకుండా వెళ్ళారు. అక్కడి డాక్టరు "మీ కుక్క ఏదండీ?" అంటే, "నాకు లేదండి. ఎవురైనా వస్తారో రారో సూద్దారని వచ్చినాను" అన్నారట. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను, ఎందుకు బాబాయ్ ఈ వేషాలు అని. ఆయన నవ్వలేదు. "నాను రాసినాను కదమ్మా. రాసింది సూసి ఆ డాక్టరు బాబు మందులు సద్దుకుని, బల్లేసుకుని కూకుంటాడు. ఒక్కడూ రాకపోతే ఆ కూకున్నోడి పేనం ఎలాగుంటాది? ఒక్కడైనా ఎల్లాల" అన్నారు.

అప్పట్లో నాకు ఆ మాట పట్టలేదు. ఖాళీ కుర్చీల ఎదురుగా కూర్చున్న మనిషి ప్రాణం ఎలా ఉంటుందో తెలియడానికి నాకు ఇంకొంచెం టైము పట్టింది.

నా సంగతి కాస్త చెప్పాలి. నేనొక ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నా రిటైర్‌మెంటు అయిన ఏడాదే అమ్మ పోయింది. రోజుకి కొన్ని వందల గొంతులు విన్న చెవులకి ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పాలవాడితో మాట్లాడితే ఆ రోజుకి మాటలైపోయినట్టే. బయటికి వెళ్ళడం మానేశాను. ఎవరైనా పిలిస్తే మోకాళ్ళ నెప్పులని చెప్పేదాన్ని. నెప్పులు నిజమే, కానీ అసలు కారణం అవి కాదు.

ఒకరోజు పదింటికి బాబాయి మా గేటు దగ్గర నిలబడ్డారు. చేతిలో ఒక చీటీ, దాని మీద నాలుగు ఫోను నంబర్లు. "తల్లీ, నువ్వు టెలిపోన్లో పని సేసినావంట కదా. నాను పోన్ సేస్తే ఆఫీసోల్లు సగం మాటలోనే కట్ సేసేత్తన్నారు. నీ గొంతయితే ఇంటారు. రోజూ ఓ నాలుగు పోన్లు సేసి పెడతావేటి?" అన్నారు. వద్దనడానికి నోరు తెరిచాను. ఆయన అప్పటికే మా అరుగు మీద కూర్చుని చెప్పులు విడుస్తున్నారు.

అలా నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, సెలవూ లేదు. పదింటికి నేను మా వార్డు ఆఫీసుకి, నీళ్ళ సెక్షనుకి, కరెంటాఫీసుకి, హెల్త్ సెంటరుకి ఫోన్లు చేసేదాన్ని. ఆయన అరుగు మీద టీ తాగుతూ వినేవారు. నేను ఫోను పెట్టేసి "ఖాయం బాబాయ్" అంటే లేచి గోడ దగ్గరికి వెళ్ళేవారు. "ఏమో బాబాయ్" అంటే తనే సైకిలు తీసుకుని ఆఫీసుకి వెళ్ళేవారు. నాలుగేళ్ళు ఇలా జరిగింది. ఆయన ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు. నన్ను ఏనాడూ ఎలా ఉన్నావని కూడా అడగలేదు. రోజూ పదింటికి వచ్చారు, అంతే. నాకు ఆ పదింటి కోసం తొమ్మిదింటికి తల దువ్వుకోవడం అలవాటైంది.

చావు కబురు రాయవలసిన రోజున ఆయన గోడంతా తుడిచేసేవారు. ఆ రోజుకి ఆ ఒక్క పేరే. నీళ్ళు రాకపోయినా, కరెంటు పోయినా, వేరే మాట రాయరు. ఇస్త్రీ ఆవిడ ఓసారి పోట్లాడింది, నీళ్ళు రావని ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోతుందని. "ఒక్క పూట నీల్లు రాకపోతే రేపొస్తాయమ్మా. మడిసి రేపొస్తాడేటి?" అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి నాకు ధైర్యం చాలక రెండుసార్లు కాగితం మడిచి పెట్టేశాను.

మా చెరువుకి ఒక రేవుంది. తొమ్మిది రాతి మెట్లు. ఇస్త్రీ ఆవిడా, ఆవిడ చుట్టాలూ అక్కడే బట్టలు ఉతుకుతారు. జాతరకి నూకాలమ్మ ఘటాలు అక్కడే దింపుతారు. చర్చివాళ్ళు బాప్తిస్మాలు ఆ మెట్ల దగ్గరే ఇస్తారు, బాబాయి కూడా పదిహేనేళ్ళ వయసులో ఆ నీళ్ళలోనే మునిగి లేచారు. గట్టు చుట్టూ ఇనుప కంచె వేసి, నడవడానికి బాట, బెంచీలు, పూలమొక్కలు పెట్టే ఆలోచన వచ్చింది. మంచిదే. కానీ ప్లానులో రేవు లేదు. రేవున్న చోట కంచె గీత సూటిగా పోయింది. అభ్యంతరాలుంటే చెప్పుకోమని కమ్యూనిటీ హాల్లో ఒక గురువారం మూడింటికి మీటింగు పెట్టారు. బాబాయి వారం ముందే ఎడమవైపు రాశారు, పెద్ద అక్షరాలతో. గోడ ముందు ఆగి చదివినవాళ్ళందరూ వస్తామన్నారు. ఇస్త్రీ ఆవిడ అయితే ఆ రోజు ఒక్క ఇంటి బట్టలూ తీసుకోనని ముందే చెప్పేసింది.

ఆ గురువారం మా అమ్మ పోయిన రోజు. తిథి కాదు, తారీకు. నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు, గుర్తుండాలని రూలేమీ లేదు. అయినా పొద్దున్నుంచి నాకు లోకం మీద కోపంగా ఉంది. బాబాయి మీద కూడా. నాలుగేళ్ళుగా రోజూ మా అరుగు మీద టీ తాగే మనిషికి, పేటలో ఎవరు ఎప్పుడు పోయారో చెప్పగల మనిషికి, మా అమ్మ గుర్తు రాలేదేమని. పదింటికి ఆఫీసుకి ఫోను చేశాను. అవతల అమ్మాయి, "సారుకి వేరే మీటింగు పడేలా ఉందండీ. వాయిదా పడొచ్చేమో. పదకొండు దాటాక ఒకసారి చెయ్యండి, ఖచ్చితంగా చెబుతాను" అంది. బాబాయి పదకొండున్నరకి మళ్ళీ వస్తానని వెళ్ళారు.

నేను మళ్ళీ ఫోను చెయ్యలేదు. మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. పదకొండున్నరకి గేటు చప్పుడైంది. "సేసినావా తల్లీ?" అని అడిగారు. కిటికీలోంచే చెప్పాను. "చేశాను. వాయిదా. ఖాయం."

మూడు ముక్కలు. వాటిలో ఒక్కటీ నిజం కాదు.

"ఎప్పటికి ఏసినారో సెప్పినారా?" అన్నారు. చెప్పలేదన్నాను. ఆయన వెళ్ళి గోడ మీద రాశారు. రేవు మీటింగు వాయిదా. ఎడమవైపు, ఖాయం కింద.

బాబాయికి ఒక అలవాటుందని నాకు అప్పటిదాకా తెలియదు. వాయిదా పడిన కార్యక్రమాలకి కూడా ఆయన చెప్పిన టైముకి వెళ్తారు, తెలియక ఎవరైనా వస్తే వాళ్ళకి చెప్పి పంపడానికి. అలా మూడింటికి హాలుకి వెళ్ళారు. అక్కడ వేదిక మీద ఆఫీసర్లున్నారు. మైకు ఉంది. తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలున్నాయి, నీళ్ళ సీసాలున్నాయి. మనిషి లేడు. బాబాయి ఒక్కరే వెళ్ళి కూర్చున్నారు. ఆఫీసరు "అభ్యంతరాలు ఎవరికైనా ఉన్నాయా?" అని మైకులో అడిగితే, ఆయన ఒక్కరే లేచి నిలబడి రేవు సంగతి చెప్పారు. అది రాసుకుని, అభ్యంతరం పెట్టినవారు వచ్చే సమావేశానికి స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలని అన్నారట. ఆ ఒక్క మనిషి వెళ్ళబట్టి మా రేవు కాగితం మూతపడలేదు.

సాయంత్రం మా అరుగు మీదికి వచ్చారు. "వాయిదా పడనేదమ్మా. జరిగిపోనాది" అన్నారు. నీకెవరు చెప్పారు, ఎన్ని గంటలకి చెప్పారు, ఆ మనిషి పేరేమిటి అని అడుగుతారనుకున్నాను. అందరినీ అడిగే ప్రశ్నలే కదా. అడగలేదు. "అన్ని కాలీ కుర్సీలు సూస్తే ఎలాగో అయిపోనాది తల్లీ" అని లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న గోడ మీద ఇలా ఉంది: "నిన్న వాయిదా అని రాసినది తప్పు. మీటింగు జరిగినది. తప్పు నాదే." కింద ఆయన సంతకం. ఆ గోడ మీద ఆయన సంతకం చూడడం నాకు అదే మొదటిసారి.

జనం ఊరుకోలేదు. ఊరుకుంటారా, ఆ రేవే వాళ్ళ కూడు. నేను మా గేటు వెనక నిలబడి చూశాను. ఇస్త్రీ ఆవిడ నడిరోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుతూ అరిచింది. "నీ రాత నమ్ముకున్నందుకు మా నోట్లో మన్ను కొట్టినావు కదయ్యా! సేతకాకపోతే మానీ! ఆ సుద్దముక్క చెరువులో పారీ!" అంది. ఇంకొకాయన వచ్చి, "ఖాయం" అన్న మాటని అరచేత్తో తుడిచేసి వెళ్ళాడు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తప్పయిపోనాది" అన్నారు. ఎవరేమన్నా అదే మాట. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన చూపు మా గేటు వైపు వచ్చిందనిపించింది. నేను పక్కకి తప్పుకున్నాను.

పదింటికి ఎప్పటిలాగే అరుగు మీదికి వచ్చారు. "నీల్ల సంగతి కనుక్కో తల్లీ" అన్నారు. ఆ రోజు నేను నీళ్ళ సెక్షనుకి మూడుసార్లు ఫోను చేశాను. ఒక్క గంట నీళ్ళ గురించి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆయన టీ గ్లాసు పట్టుకుని మూడుసార్లూ విన్నారు.

చెప్పేద్దామనుకున్నాను. రోజూ అనుకున్నాను. రేపు చెబుదాం అనుకుంటే ఎన్ని రేపులైనా ఉన్నట్టే ఉంటుంది. ఒకరోజు "బాబాయ్, ఆ గురువారం..." అని మొదలుపెట్టాను కూడా. ఆయన, "నీ టీ సల్లారిపోతంది, తాగు" అన్నారు. ఆయనకి తెలుసో, తెలియదో, తెలిసి వద్దన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక తెలియదు. ఆ మాట తర్వాత మూడు వారాలకి ఆయన నిద్రలో పోయారు.

సమాధుల తోటకి పెద్దగా ఎవరూ రాలేదు. ఫోనులో పేట గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. మధ్యలో ఎవరో పొరపాటున గుడ్‌మార్నింగు పువ్వు కూడా పెట్టారు. గోడ మీద రాసి ఉంటే, చూసిన మనిషి అక్కడ నిలబడేవాడు, పక్కవాడు ఆగేవాడు, ఇద్దరూ కలిసి బయలుదేరేవారు. ఫోనులో చూసినవాడు బొమ్మ పెట్టి పనిలోకి పోయాడు. పెట్టె దింపుతుంటే నేను వచ్చినవాళ్ళని లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఎన్నో సభలకి వెళ్ళి కూర్చున్న మనిషికి ఒక సభకి సరిపడా జనం కూడా రాలేదు.

తోట నుంచి తిరిగొచ్చాక, మధ్యాహ్నం బాబాయి కూతురు మా ఇంటికి వచ్చింది. టైలరింగు చేసుకుంటుంది, తండ్రీ కూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండేవారు. "అక్కా, బోర్డు నిన్నటిదే ఉండిపోనాది. నాన్న సంగతి మీరు రాయండి" అంది. నా చెయ్యి లేవలేదు. నీ తప్పు మోసిన మనిషి పేరు నువ్వెలా రాస్తావని లోపల ఎవరో అడిగినట్టయింది. అక్షరాలు బాగా రావన్నాను. ఆ అమ్మాయే తడిగుడ్డతో గోడంతా తుడిచింది. బట్ట మీద గీతలు గీసే పల్చటి బిళ్ళ సుద్ద తీసి, "బోర్డు బాబాయి లేరు" అని రాసింది. వంకర టింకరగా, పిల్లల రాతలా ఉంది. ఆ తర్వాత ఎవరూ దాన్ని తుడవలేదు, కొత్తగా ఏమీ రాయలేదు.

రేవు గురించి రెండో మీటింగు ఆయన పోయిన తొమ్మిదో రోజున. ఆఫీసుకి మూడుసార్లు ఫోను చేసి, తర్వాత ఆటో ఎక్కి వెళ్ళి ఆ కాగితం కళ్ళతో చూశాను. గోడ మీద రాయడానికి నాకు అప్పటికీ చెయ్యి రాలేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. నాలుగేళ్ళుగా నేను ఫోన్లు చేసిన పేటలో ఎన్ని గుమ్మాలు నాకు తెలియవో ఆ రోజు తెలిసింది. కొందరు, "మీరెవరండీ?" అన్నారు.

హాల్లో ముందు రెండు వరసలు నిండాయి. ఇస్త్రీ ఆవిడ గోడ పక్కన కూర్చుంది. బంట్రోతు కాగితం చూసి అభ్యంతరం పెట్టిన మనిషి పేరు పిలిచాడు. ఆయన పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. అది ఎవరి పేరో హాల్లో సగంమందికి తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవబోతుంటే నేను లేచాను.

"ఆయన లేరండి. పోయారు" అన్నాను.

ఆఫీసరు కలం కింద పెట్టి, "అయ్యో. మీరు వారికి ఏమవుతారమ్మా?" అని అడిగాడు.

ఏమవుతాను? "ఏమీ కానండి. ఆయనకి ఫోన్లు చేసిపెట్టేదాన్ని" అన్నాను. అక్కడితో ఆపి, అభ్యంతరం చెప్పి, సంతకం చేసి కూర్చోవచ్చు. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. నేను వేదిక వైపు నుంచి జనం వైపు తిరిగాను. "క్రితంసారి మీరెవరూ ఇక్కడికి రాలేదు. వాయిదా అని గోడ మీద చూసి మానేశారు. ఆ మాట ఆయనకి చెప్పింది నేను. ఆఫీసుకి మళ్ళీ ఫోను చెయ్యకుండా, చేశానని అబద్ధం చెప్పాను. తప్పు ఆయనది కాదు. నాది" అన్నాను.

ఎవరైనా తిట్టినా బాగుండేది. ఎవరిదో కుర్చీ కదిలింది. బాబాయి కూతురు తల వంచుకుని చీర కొంగు మడతలు పెట్టుకుంటోంది. ఆఫీసరు గొంతు సవరించుకుని, "అభ్యంతరం చెప్పండమ్మా" అన్నాడు. ఘటాల గురించి, బాప్తిస్మాల గురించి, బట్టల మూటల గురించి చెప్పాను. నెత్తిన మూటతో మనిషి దిగేంత దారి వదిలితే చాలన్నాను. ఆయన ప్లాను తెప్పించి, రేవు దగ్గర కంచె గీత కొట్టేసి, దారి గుర్తు పెట్టించాడు. పక్కన తేదీ వేసి సంతకం చేశాడు. నా చేత కూడా చేయించాడు.

బయటికి వచ్చాక నాతో ఎవరూ నడవలేదు. కోపంతోనో, ఏం మాట్లాడాలో తెలియకో. బాబాయి కూతురు మాత్రం ఒక క్షణం ఆగి, నా మొహంలోకి చూసి వెళ్ళింది. నేను ఇంటికి వెళ్ళలేకపోయాను. రేవుకి వెళ్ళి పై మెట్టు మీద కూర్చున్నాను. రేవు ఉంటుంది. ఖాయంగా ఉంటుంది. ఈ మాట చెప్పవలసిన మనిషి ఒక్కరే, ఆయన లేరు. నా జీవితంలో అంత మంచి కబురు చేతిలో పెట్టుకుని అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

కాసేపటికి ఇస్త్రీ ఆవిడ వచ్చింది. పొద్దున్న నానబెట్టి వదిలేసిన దుప్పట్లున్నాయి. నన్ను చూసింది, పలకరించలేదు. కింది మెట్టు మీదికి దిగి, దుప్పట్లు జాడించి, పిండి, మూట కట్టింది. మూట కట్టడం అయ్యాక, నా వైపు చూడకుండానే అంది.

"ఆయన్ని నడిరోడ్డు మీద నోటికొచ్చినట్టు తిట్టినాను. నువ్వు గేటు కాడే ఉన్నావు. ఒక్క మాట సెప్పుంటే నాను తిట్టకపోదును కదమ్మా."

ఆ తిట్లు ఆవిడ ఇక వాపసు తీసుకునే వీలు లేదు. నేనూ ఇప్పించలేను. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు.

ఆవిడ చుట్టకుదురు తల మీద పెట్టుకుని, మూట వైపు వంగి, "ఓ సెయ్యి ఎయ్యమ్మా. తడి మూట, ఒక్కదాన్నీ ఎత్తుకోనేను" అంది.

మోకాళ్ళు పట్టుకుని మెట్లన్నీ దిగాను. ఇద్దరం చెరో పక్కా పట్టి లేపాం. ఎంత బరువో. ఆవిడ నెత్తికెత్తుతుంటే నీళ్ళు నా జాకెట్టు చేతుల మీదుగా మోచేతుల దాకా కారాయి. ఆవిడ మెడ సరిచేసుకుని, వెనక్కి తిరగకుండా, ఒక్కొక్క మెట్టూ ఎక్కి గట్టు దాటి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళిన దారి పొడుగునా రాళ్ళ మీద మూటలోంచి కారిన నీటి చుక్కలు మిగిలాయి. అవి ఒక్కొక్కటీ ఆరిపోయేదాకా నేను కింది మెట్టు మీదే నిలబడి ఉన్నాను.